కరెంటు బిల్లు వెనక బొమ్మ

ప్రశ్న: మాది తిరుపతి, చిన్న టిఫిన్ అంగడి. మా వాడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఇంజినీరింగ్ వద్దు, పెయింటింగ్ నేర్చుకుంటా అని మొండిపట్టు పట్టాడు. రేపు ఏం చేసి బతుకుతాడోనని ఒకటే టెన్షన్. వాడు వేసిన బొమ్మల ఫోటోలు పంపుతున్నాను, చూసి చెప్పండి సార్.

జవాబు: అమ్మా, పన్నెండు ఫోటోలూ చూశాను. శ్రీవారి బొమ్మలు, హీరోల ముఖాలు నీట్‌గా ఉన్నాయి. సెల్‌లో చూసి దించినవని తెలిసిపోతోంది. ఒకటి మాత్రం మీరు పొరపాటున పంపారేమో. కరెంటు బిల్లు వెనక బాల్‌పెన్నుతో వేసింది. మీరు పెనం ముందు వంగి దోసె తిప్పుతున్నారు, చెమటకి ముంగురులు నుదుటికి అంటుకున్నాయి. మోచేయి కొలత కుదరలేదు. అయినా నేను ఎక్కువసేపు చూసింది దాన్నే. అది మీ వాడు తప్ప ఇంకొకరు వేయలేరు.

తోట వైకుంఠం గారి బొమ్మలు మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల తెలంగాణ ఆడవాళ్లు. 1942లో పుట్టిన ఆయన హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, బరోడా వెళ్లి అక్కడ చిత్రకళ నేర్పే కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. అంత దూరం పోయి చదివినా, పేరు తెచ్చింది మాత్రం సొంత ఊరి ఆడవాళ్లే. చిన్నప్పుడు నాటకాల్లో ఆడవేషం కట్టే మగవాళ్లను నోరు తెరుచుకుని చూసిన మోజు ఆ బొమ్మల్లో ఉంది. ఇలా సొంత చెయ్యి కుదరడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో అన్నం ఎలా అన్నదే మీ అసలు ప్రశ్న. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాసేవాళ్ల పని ఏమైందో మీరూ చూశారు, మీ భయం ఉత్తది కాదు.

అందుకే నాలుగేళ్ల బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చేయించండి. మన రాష్ట్రంలో దానికి ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. దాంతోపాటే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు కట్టించండి. డ్రాయింగ్ టీచర్ పనికి అవే మొదటి మెట్టు. బీఎఫ్ఏ అయ్యాక యానిమేషన్, బట్టల డిజైన్, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ లాంటి దారులున్నాయి. మొదట్లో జీతాలు తక్కువే, దాచను.

దేవుడి బొమ్మలే ఇష్టమంటే మన ఊళ్లోనే టీటీడీ శిల్ప కళాశాల ఉంది, అందులో సంప్రదాయ చిత్రలేఖనం నేర్పుతారు. కానీ అక్కడ ముక్కు ఎంత, కన్ను ఎంత అన్నది శాస్త్రం చెప్పినట్టే వేయాలి. కరెంటు బిల్లు మీద గీసిన పిల్లోడికి అది ఊపిరాడనివ్వదేమో అని నా అనుమానం.

ఫీజు కట్టేముందు ఒకరోజు శ్రీకాళహస్తి తీసుకెళ్లండి, కలంకారీ వేసేవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద చింతబొగ్గుతో గుర్తులు పెట్టుకుని, ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసిన కసిమి అనే నల్లరంగులో వెదురు కలం ముంచి గీస్తారు. ఆ నల్ల గీత పడిందంటే ఇక చెరపడానికి లేదు. పూటంతా చూసి, "నేనూ ఒకటి వేస్తా" అని వాడు అడిగితే నాకు ఫోన్ చేయండి. గంటకే విసుగొచ్చి సెల్ తీశాడంటే ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ గడువు దాటకుండా చూసుకోండి.

ఆ బిల్లు పారేయకండి. ఏ కాలేజీకి వెళ్లినా ఫైల్లో దాన్నే పైన పెట్టమనండి.