జీను ఇచ్చినవాడు

ప్రశ్న: 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సిరీస్‌లో టిరియన్, బ్రాన్ ఇద్దరికీ వైకల్యం ఉంది. మీకు టిరియనే ఎందుకు నచ్చాడు?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పోలియో వల్ల చిన్నప్పట్నుంచీ కాలిపర్ వేసుకుని నడుస్తున్నానమ్మా. 'అయ్యో పాపం' అనేవాళ్లకు కొదవలేదు. పొట్టివాడైన టిరియన్ అలా కాదు. మొదటి సీజన్‌లో, నడవలేని బ్రాన్ గుర్రమెక్కేలా ప్రత్యేకమైన జీను నమూనా తెచ్చిస్తాడు. నాకు కళ్లు చెమర్చాయి. తెలివి, తాగుడు, తండ్రి మీద కసి... అన్నీ ఉన్న నిండు మనిషి. పొట్టిగా ఉండే పీటర్ డింక్లేజే ఆ పాత్ర వేసి 4 ఎమ్మీ టీవీ అవార్డులు గెలిచారు. బ్రాన్‌గా నటించిన అబ్బాయికి మాత్రం వైకల్యం లేదు. పోనుపోను బ్రాన్‌కి దివ్యదృష్టి మిగిలింది, ఆ కొంటెపిల్లాడు మాయమయ్యాడు. 2019లో, ఆఖరి ఎపిసోడ్‌లో రాజయ్యాడు సరే, బిరుదేమో 'బ్రాన్ ది బ్రోకెన్', అంటే విరిగిపోయిన బ్రాన్! సింహాసనమెక్కినా కాళ్ల గురించేనా? నాకది ఇప్పటికీ మింగుడుపడదు.