మేడారం గురించి, సదరం గురించి

తమ్ముడూ, 23 ఏళ్లకు ఆటిజం అని తేలిందని, ఇంట్లోవాళ్లేమో మేడారం జాతరకు రావాల్సిందే అంటున్నారని, ఆ జనాన్ని, డోలు చప్పుళ్లను తలుచుకుంటేనే టెన్షన్ అని రాశావు. నాదీ అదే డయాగ్నసిస్.

నేను జాతర నాలుగు రోజుల్లో వెళ్లను. రెండు మూడు వారాల ముందే, పనిరోజు చూసుకుని, హన్మకొండ నుంచి తెల్లారకముందే బయల్దేరతాం. ముందస్తు మొక్కులకూ జనం వస్తారు గానీ అంత తొక్కిసలాట ఉండదు. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో. అమ్మవార్లకు ఇచ్చే బెల్లం (దాన్నే బంగారం అంటారు) నువ్వే మోయి; చేతిలో బరువుంటే నాకైతే నిమ్మళంగా ఉంటది. అమ్మకు పెద్ద పేర్లు చెప్పకు, "చప్పుడు నాకు దెబ్బలెక్క తగులుతది" అను చాలు.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం, తీసుకోవాలా అని అడిగావు కదా, తీసుకో. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. అందులో వైకల్యం 40 శాతం, ఆపైన వస్తేనే ఉద్యోగ రిజర్వేషన్. చుట్టాలకు చూపించాల్సిన పనేం లేదు.