3 నెలల దగ్గు, ఎక్స్‌రే నార్మల్: ఆస్తమా అని తేలేదెలా?

అన్నా, మిర్యాలగూడ రైస్ మిల్లులో పని, 3 నెలలుగా పొడిదగ్గు, ఎక్స్‌రే నార్మల్, మరి ఆస్తమానా అని అడిగారు. ఎక్స్‌రే బాగుందంటే ఆస్తమా లేదని కాదు, ఆస్తమా ఉన్న చాలామందికి అది నార్మల్‌గానే వస్తుంది.

2 వారాలు దాటిన దగ్గు కాబట్టి ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ పరీక్ష చేయించుకోండి, ఉచితమే. అది లేదని తేలితే ఊపిరితిత్తుల డాక్టరును స్పైరోమెట్రీ గురించి అడగండి. గొట్టంలోకి గట్టిగా ఊదిస్తారు, మందు పీల్పించి కాసేపాగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో ఊదిన గాలి మందు తర్వాత 12 శాతానికి పైగా, అదే సమయంలో 200 మిల్లీలీటర్లకు పైగా పెరిగితే ఆస్తమాకు గట్టి ఆధారం. దగ్గు తగ్గి ఉన్న రోజు చేస్తే నార్మల్ రావచ్చు. నాకు మొదటిసారి అట్లనే వచ్చింది. అప్పుడు డాక్టరు చెప్తే పీక్ ఫ్లో మీటరు (గాలి ఎంత వేగంగా ఊదగలమో కొలిచే చిన్న పరికరం) కొని, 2 వారాలు పొద్దున, రాత్రి ఊది నోటుబుక్కులో రాసిన. ఆ అంకెలతోనే నా జబ్బు తేలింది. మీరు మిల్లుకు పోయిన రోజులు, సెలవు రోజులు వేరుగా రాయండి. ఊక దుమ్ము సంగతి అక్కడే బయటపడుతుంది.

బీపీకి ఎనలాప్రిల్ లాంటి గోలీ వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పండి, దానివల్ల కూడా పొడిదగ్గు వస్తుంది. సొంతంగా మాత్రం మానకండి. దగ్గులో రక్తం పడినా, మాట రానంత ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోండి.