జన్యువు చేరినా ఇన్సులిన్ రాకపోవడానికి కారణం

ఈ.కోలై బ్యాక్టీరియాలో మానవ ఇన్సులిన్ జన్యువును చేర్చినా ఇన్సులిన్ తయారవడం లేదని మీరు అడిగారు. ఆ జన్యువును రక్తకణాల డీఎన్‌ఏ నుండి నేరుగా పీసీఆర్‌తో (డీఎన్‌ఏ ముక్కకు అనేక నకళ్లు తీసే పద్ధతి) తీసుకున్నానని రాశారు కాబట్టి, లోపం దాదాపుగా ఇంట్రాన్ల (జన్యువు మధ్యలో ఉండే, ప్రోటీన్ సమాచారం లేని భాగాలు) దగ్గరే ఉంది. కాలనీలు పెరగడం, జెల్‌పై బ్యాండు కనబడడం జన్యువు ఈ.కోలైలో చేరిందని మాత్రమే చెబుతాయి. ఇంట్రాన్లను కత్తిరించి తీసే స్ప్లైసియోసోమ్ అనే కణయంత్రం బ్యాక్టీరియాలో లేదు. ఈ జన్యువులోని రెండో ఇంట్రాన్ సీ-పెప్టైడ్ (ఇన్సులిన్ రెండు గొలుసులను కలిపే ముక్క) భాగాన్ని మధ్యలో చీలుస్తుంది గనుక, ప్రోటీన్‌ను తయారుచేసే రైబోసోమ్ అక్కడి నుండి అర్థంలేని వరుసను చదువుతూ పోయి, ఎదురైన స్టాప్ కోడాన్ (ప్రోటీన్ తయారీని ఆపే సంకేతం) వద్ద ఆగిపోతుంది.

1. ఇంట్రాన్లు తొలగిపోయిన ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు నుండి వచ్చే ఆర్‌ఎన్‌ఏ నకలు) నుండి రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్‌తో సీడీఎన్‌ఏ (ఆ నకలుకు డీఎన్‌ఏ రూపం) తయారుచేసి, దాన్నే పీసీఆర్‌కు వాడండి. చాలామంది దాటవేసే మెట్టు ఇదే. అయితే ఆ ఎంఆర్‌ఎన్‌ఏ సమృద్ధిగా ఉండేది క్లోమంలోని బీటా కణాల్లో. రక్తం ఇక్కడ అక్కరకు రాదు. అందుకే జన్యువును కృత్రిమంగా తయారుచేయించుకోవడం మేలని నా అభిప్రాయం. 1978లో ఈ.కోలైలో మానవ ఇన్సులిన్‌ను సాధించినవారు కూడా కృత్రిమ జన్యువులనే వాడారు.

2. సిగ్నల్ పెప్టైడ్ (ప్రోటీన్‌ను కణం బయటికి పంపే తొలి ముక్క) భాగాన్ని వదిలి, దాని స్థానంలో ఏటీజీ (ప్రోటీన్ తయారీ మొదలయ్యే సంకేతం) చేర్చండి.

3. బ్యాక్టీరియా ప్రమోటర్ (జన్యువును చదవడం మొదలుపెట్టించే భాగం), రైబోసోమ్ బైండింగ్ సైట్ (రైబోసోమ్ అతుక్కునే చోటు) ఉన్న వెక్టర్‌లో (జన్యువును మోసుకెళ్లే డీఎన్‌ఏ) పెట్టి, సీక్వెన్సింగ్‌తో రీడింగ్ ఫ్రేమ్ (మూడేసి అక్షరాలుగా చదివే వరుస) సరిచూసుకోండి.

4. ల్యాక్ ప్రమోటర్ అయితే, దాన్ని పనిచేయించే ఐపీటీజీ అనే రసాయనాన్ని కలపండి.