లండన్ గోడల మీద పోస్టర్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య, అంటే 1918 నుంచి 1939 దాకా, బ్రిటన్‌లో వచ్చిన ప్రకటనల పోస్టర్ల గురించి పాఠకులు చాలా అడిగారు. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేసి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: పేరున్న చిత్రకారులు రైలు టికెట్లకీ పెట్రోలుకీ బొమ్మలు వేశారంటే నమ్మలేకపోతున్నాను. డబ్బు కోసమేనా? వాళ్ళనెవరు ఒప్పించారు?

జవాబు: డబ్బు ఒక కారణమేనండి. యుద్ధం అయ్యాక, 1929లో మాంద్యం మొదలయ్యాక మరీను, గ్యాలరీలకు వెళ్ళి బొమ్మలు కొనేవాళ్ళు తగ్గిపోయారు. పోస్టర్ వేస్తే కొంతైనా చేతికొచ్చేది. కానీ డబ్బిచ్చే కంపెనీలు అంతకు ముందూ ఉన్నాయి, అప్పుడు ఈ స్థాయి పని రాలేదు కదా. తేడా పని ఇచ్చినవాళ్ళలో ఉంది. ఈ విషయం మీద నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఎందుకంటే డిజైన్ గురించి రాసేటప్పుడు అందరం బొమ్మ వేసినవాడి పేరు రాసి ఊరుకుంటాం, ఆ బొమ్మ చూసి 'సరే, అచ్చుకు పంపండి' అన్న మనిషిని మర్చిపోతాం.

ఫ్రాంక్ పిక్‌ని తీసుకోండి. ఆయన సొలిసిటర్‌గా, అంటే న్యాయవాదిగా, అర్హత తెచ్చుకున్న మనిషి, చిత్రకారుడు కాదు. 1906లో లండన్ అండర్‌గ్రౌండ్ (నగరం కింద సొరంగాల్లో నడిచే) రైల్వేలో చేరాడు, 1908లో పబ్లిసిటీ పని ఆయన చేతికొచ్చింది. అప్పటి స్టేషన్లలో గోడంతా కాగితాలే, అందులో స్టేషన్ పేరెక్కడుందో వెతుక్కోవాలి. పిక్ పోస్టర్లకు ఒక చోటు, స్టేషన్ పేరుకు వేరే చోటు కేటాయించాడు. తర్వాత ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అనే అక్షరశిల్పి చేత కంపెనీకంటూ ప్రత్యేకంగా అక్షరాలు గీయించాడు, అవి 1916లో వాడుకలోకి వచ్చాయి.

ఇక బొమ్మల సంగతి. పిక్‌కి ఒక మామూలు వ్యాపార సమస్య ఉంది. పొద్దున, సాయంత్రం రైళ్ళు కిక్కిరిసి పోతాయి. మధ్యాహ్నాలూ ఆదివారాలూ ఖాళీ. జనం ఉన్నా లేకపోయినా రైలు నడపాల్సిందే, ఖర్చు అవుతూనే ఉంటుంది. అంచేత ఆఫీసు పని లేని మనిషికి కూడా రైలెక్కాలనిపించాలి. ఆ పోస్టర్లలో చాలా వాటిలో రైలే కనిపించకపోవడానికి కారణం ఇదే. క్యూ గార్డెన్స్‌లో పూలు, ఎపింగ్ అడవి, జూ, మ్యూజియం, ఇవీ కనిపించేవి. ఇలాంటి పనికి దిగేది చిత్రకారులే కాబట్టి పిక్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. కొత్తవాళ్ళనీ పిలిచాడు, అర్థం కాని శైలి అని జనం గొణిగేవాళ్ళనీ పిలిచాడు. 1933లో లండన్ రవాణా అంతా ఒకే బోర్డు కిందికి వచ్చాక కూడా ఆయనే పై స్థానంలో ఉన్నాడు కాబట్టి ఆ పద్ధతి సాగింది. 1938 నాటికి మాన్ రే లాంటి ఫోటోగ్రాఫర్ అండర్‌గ్రౌండ్ గుర్తుని శనిగ్రహం పక్కన పెట్టి, లండన్‌ని నడిపించేది ఇదే అని జంట పోస్టర్లు చేశాడంటే, ముప్ఫై ఏళ్ళు ఒక మనిషి పట్టుదలగా తలుపు తెరిచి పెట్టడం వల్లే.

ప్రశ్న: మెక్‌నైట్ కాఫర్ వేసిన పక్షుల పోస్టర్ గొప్పదని అందరూ అంటారు. నాకు మాత్రం అందులో కొన్ని త్రికోణాలే కనిపించాయి. పేపర్‌కి ప్రకటన అన్నారు, పేపరే లేదు అందులో!

జవాబు: త్రికోణాలు కనిపించాయి అన్నారు చూడండి, సరిగ్గానే చూశారు. ఇంకొంచెం సేపు చూడమనే నా కోరిక.

ఎడ్వర్డ్ మెక్‌నైట్ కాఫర్ అమెరికాలోని మోంటానాలో పుట్టాడు. యూరప్ చూసి 1914లో లండన్ చేరాడు, మరుసటి ఏడాదే పిక్ పని ఇచ్చాడు. ఆ పక్షులను మొదట ఆయన ఎవరి కోసమూ వెయ్యలేదు, యుద్ధం రోజుల్లో సొంతంగా చెక్కిన ఉడ్‌కట్ (చెక్క మీద చెక్కి అచ్చువేసే బొమ్మ) అది. కార్మికుల పక్షాన నిలిచే 'డెయిలీ హెరాల్డ్' యుద్ధమంతా వారపత్రికగా నడిచి 1919 మార్చిలో మళ్ళీ దినపత్రిక అయింది. ఆ సందర్భానికి ఈ పక్షులు పోస్టర్ ఎక్కాయి.

ఇప్పుడు బొమ్మలోకి రండి. నిలువుగా పొడుగాటి కాగితం, దాదాపు అంతా పసుపు. పక్షులన్నీ పై భాగంలోనే గుంపుగా ఉన్నాయి. ఈకలు లేవు, కళ్ళు లేవు, రెక్కలు కత్తిరించిన కోణాల్లా ఉన్నాయి, ఒక పక్షి రెక్క ఎక్కడ ఆగి ఇంకో పక్షి ఎక్కడ మొదలైందో చప్పున చెప్పలేం. గుంపుగా ఎగిరే పక్షులు నిజంగా మన కంటికి కనిపించేది అలాగే. కింద అంత ఖాళీ ఎందుకు వదిలాడు? ఆ ఖాళీ వల్లే పక్షులు పైకి లేచినట్టు అనిపిస్తుంది, చేత్తో కింది భాగం మూసి చూడండి, ఎగరడం ఆగిపోతుంది. అడుగున అక్షరాలు: విజయం వైపు ఎగురుతోంది, పొద్దున్నే లేచే పిట్ట. తెల్లవారుజామున వచ్చే కొత్త దినపత్రికకి ఇంతకంటే ఏం చెప్పాలి? పేపర్ బొమ్మ వేసి ఉంటే పేపర్ కనిపించేది, పొద్దు కనిపించేది కాదు.

ఆ రోజుల్లో క్యూబిజం, వోర్టిసిజం అనే, వస్తువుల్ని కోణాలుగా విడగొట్టి వేసే కొత్త శైలుల్ని గ్యాలరీల్లో చూసి నవ్వినవాళ్ళే ఎక్కువ. అవే కోణాలు గోడెక్కితే మామూలు జనం రోజూ చూస్తూ వెళ్ళారు. కాఫర్ 1920ల మొదట్లో పెయింటింగ్ వదిలేసి పూర్తిగా ఈ పనిలోకే వచ్చేశాడు. చిత్రకళకి నష్టం అనే మాట వింటుంటాను. నేనొప్పుకోను. లక్షలమంది నడిచే దారిలో ఉన్న బొమ్మ గ్యాలరీ బొమ్మ కంటే ఎందులో తక్కువ?

ప్రశ్న: అంత తక్కువ రంగులెందుకు? నీడలు, మడతలు లేకుండా చదునుగా ఎందుకు వేసేవాళ్ళు? అభిరుచా, అవసరమా?

జవాబు: రెండూనండి, అవసరం ముందు. అప్పటి పోస్టర్లు లితోగ్రఫీలో అచ్చయ్యేవి. జిడ్డుకీ నీటికీ పడదు అన్నదే దాని సూత్రం. రాతి మీదో జింక్ రేకు మీదో జిడ్డు సరుకుతో బొమ్మ గీస్తారు, తడిపితే గీయని చోట నీరు నిలుస్తుంది, గీసిన చోట మాత్రమే సిరా పట్టుకుంటుంది. ఒక్కో రంగుకి ఒక్కో రాయి లేదా రేకు. ఏడు రంగులుంటే ఏడు సార్లు అచ్చు, ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. రంగు పెరిగిన కొద్దీ ఖర్చూ పెరుగుతుంది. చిత్రకారుడు ఇచ్చిన బొమ్మని చాలాసార్లు రాతి మీద తిరగ్గీసింది ప్రెస్సులో పనిచేసే కళాకారులు, వాళ్ళ పేర్లు పోస్టర్ మీద ఉండవు.

ఈ ఇబ్బందిని బలంగా మార్చుకున్నవాడు టామ్ పర్విస్. 1923లో బ్రిటన్ రైల్వేలు దాదాపు అన్నీ నాలుగు పెద్ద కంపెనీలుగా కలిశాయి, అందులో ఎల్ఎన్ఈఆర్ తూర్పు తీరం వైపు నడిచేది. దాని ప్రకటనల మేనేజర్ విలియం టీస్‌డేల్ అయిదుగురు చిత్రకారులతో, వేరే రైల్వేలకు పనిచెయ్యకూడదని ఒప్పందం చేసుకున్నాడు. వాళ్ళలో పర్విస్ ఒకడు. ఆయన మనుషులకు గీతలుండవు, ముఖాల్లో కళ్ళూ ముక్కూ పెద్దగా ఉండవు. ఒక రంగు ఆగిన చోట ఇంకో రంగు మొదలవుతుంది, అంతే, మిగతాది మన కన్ను పూర్తి చేసుకుంటుంది. 1931లో ఆయన తూర్పు తీరం మీద ఆరు పోస్టర్లు వేశాడు. దేనికదే విడిగా నిలబడుతుంది, ఆరూ పక్కపక్కన పెడితే తీరం ఒకటే అయిపోతుంది!

అంతకు ముందే, 1924లో, పోటీ రైల్వే కంపెనీ ఎల్ఎంఎస్ రాయల్ అకాడమీ (బ్రిటన్‌లో పేరున్న చిత్రకారుల సంస్థ) చిత్రకారుల చేత బొమ్మలు వేయించింది. పేర్లు పెద్దవి, కానీ అందులో చాలా వరకు పెయింటింగ్‌లే, కింద కంపెనీ పేరు తగిలించారు. ప్లాట్‌ఫాం మీద పది అడుగుల దూరం నుంచి చూస్తే పర్విస్ తీరం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, వాటిలో కొన్ని గోడలో కలిసిపోతాయి.

ప్రశ్న: షెల్ పోస్టర్లలో కారు ఉండదు, బంకు ఉండదు, ఏదో పల్లెటూరు బొమ్మ ఉంటుంది. అది పెట్రోలు ఎలా అమ్ముతుంది?

జవాబు: బంకులో పోయించుకునేవాడికి ఒక కంపెనీ పెట్రోలుకీ ఇంకో కంపెనీ పెట్రోలుకీ తేడా కంటికి కనపడదు. అందుకని ఏ పేరు మీద ఇష్టం కలిగితే అదే పోయించుకుంటాడు. పైగా కారు కొన్నవాడు ఇంట్లో కూర్చుంటే పెట్రోలు ఖర్చవదు, ఎక్కడికో వెళ్ళాలి. ఆ 'ఎక్కడికో' అన్నదే పోస్టర్. పాల్ నాష్ రై చిత్తడి నేలలు వేశాడు, వెనెస్సా బెల్ ఆల్ఫ్రిస్టన్ గ్రామం వేసింది, గ్రాహం సదర్లాండ్ స్వానేజ్‌లోని పెద్ద రాతి గోళం వేశాడు. మాటలు పైనా కిందా పట్టీలో ఉంటాయి, బొమ్మ జోలికి రావు: ఎక్కడికి వెళ్ళినా షెల్‌ని నమ్ముకోవచ్చు.

ఈ పని నడిపింది షెల్ పబ్లిసిటీ చూసిన జాక్ బెడింగ్టన్. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ పోస్టర్లు రోడ్డు పక్క బోర్డుల మీద పెట్టినవి కావు, పెట్రోలు మోసుకెళ్ళే లారీల పక్కలకు తగిలించినవి. హోర్డింగులు పల్లె అందాన్ని పాడుచేస్తున్నాయని అప్పట్లో బ్రిటన్‌లో పెద్ద గొడవ, షెల్ 1920ల్లోనే పల్లెల్లోని తన బోర్డులు తీసేసింది. లారీ వస్తుంది, బొమ్మ చూపిస్తుంది, వెళ్ళిపోతుంది. పొలంలో ఏమీ మిగలదు.

ప్రశ్న: ఆడవాళ్ళెవరూ లేరా?

జవాబు: ఉన్నారండి. వెనెస్సా బెల్ పేరు పైన చెప్పాను. అండర్‌గ్రౌండ్‌కి డోరా బ్యాటీ, హెరీ పెర్రీ చాలా పోస్టర్లు వేశారు. చరిత్రల్లో వాళ్ళకు దక్కిన పేజీలు తక్కువ, అది దిద్దుకోవాల్సిన విషయమే.

ప్రశ్న: అదే కాలంలో ఆ దేశంలో నిరుద్యోగం, బయట సామ్రాజ్యం. ఈ అందమైన పోస్టర్లు అవన్నీ దాచిపెట్టలేదా?

జవాబు: దాచాయి. ఈ పోస్టర్లంటే నాకు ఎంత ఇష్టమో, ఈ మాట చెప్పడం అంతే అవసరం.

1936లో జారో అనే ఊరి నుంచి, ఓడల పని పోయి ఆకలితో ఉన్న మనుషులు లండన్ దాకా నడిచి వెళ్ళారు. జారో ఉన్నది ఎల్ఎన్ఈఆర్ రైళ్ళు తిరిగే ప్రాంతంలోనే. పర్విస్ బీచ్‌లో ఎండ కాచుకుంటున్న మనుషుల్లో వాళ్ళు లేరు. జీతంతో కూడిన సెలవుల మీద చట్టం వచ్చిందే 1938లో, అంతకు ముందు చాలామంది కార్మికులకు సెలవంటే కూలి పోవడమే.

సామ్రాజ్యం సంగతి ఇంకా సూటిగా ఉంది. 1926లో ప్రభుత్వం ఎంపైర్ మార్కెటింగ్ బోర్డు పెట్టింది, వలసల సరుకు కొనమని బ్రిటన్ జనాన్ని ఒప్పించడం దాని పని. దాని పోస్టర్ల ఉపసంఘానికి అధ్యక్షుడెవరనుకున్నారు? ఇందాక మెచ్చుకున్న ఫ్రాంక్ పిక్కే. కాఫర్ కూడా వేశాడు. 1927లో మెక్‌డొనాల్డ్ గిల్ సామ్రాజ్యపు సముద్రదారులతో పెద్ద పటం వేశాడు, పనితనం చూస్తే కళ్ళు తిప్పుకోలేం. నేటి అడవులే రేపటి బంగారు గనులు అని ఇంకో పోస్టర్ మీద అచ్చేశారు. ఎవరి అడవులు, బంగారం ఎవరింటికి అన్నది అందులో లేదు. టీ తోటలు, కోకో తోటలు వేశారు, అందులో పనిచేసేవాళ్ళు ప్రశాంతంగా కనిపిస్తారు, వాళ్ళ కూలి ఎంతో కనిపించదు. బోర్డు 1933లో మూతపడింది. బొమ్మ బాగుందని ఒప్పుకుంటూనే అది ఎవరి తరఫున మాట్లాడుతోందో అడగొచ్చు, నేను అలాగే చూస్తాను. పాలించబడిన దేశం నుంచి చూసేవాళ్ళకి ఆ ప్రశ్న అడిగే హక్కు ఇంకాస్త ఎక్కువే ఉంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో అసలు పోస్టర్ అని అమ్ముతున్నారు. అసలుదో నకలో ఎలా తెలుస్తుంది?

జవాబు: ముందు కొలత అడగండి. అండర్‌గ్రౌండ్ పోస్టర్లు ఎక్కువగా 25 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల ఎత్తు. రైల్వేలవి అదే కొలతలోనూ, 50 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల ఎత్తు ఉన్న అడ్డం కొలతలోనూ ఉంటాయి. ఇంట్లో ఫ్రేమ్‌కి సరిపోయే చిన్న సైజు అంటే అనుమానించాల్సిందే. తర్వాత కింది అంచున ప్రెస్ పేరు ఉందేమో చూడండి, బేనార్డ్ ప్రెస్, కర్వెన్ ప్రెస్, వాటర్లో లాంటివి తగులుతుంటాయి. చివరిగా భూతద్దం. చేత్తో గీసిన లితోలో రంగు ఒకే పొరగా ఉంటుంది, లేదంటే క్రేయాన్ గరుకు, చల్లిన చుక్కలు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. ఈ కాలపు నకలులో నాలుగు రంగుల చుక్కలు వరుసలు కట్టి ఒకే క్రమంలో ఉంటాయి. ఫోటోలు మాత్రమే చూపించి భూతద్దం ఫోటో పంపనంటే కొనకండి.

కొనే ఉద్దేశం లేక చూడాలనే కోరిక ఉంటే లండన్ కోవెంట్ గార్డెన్‌లోని ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం, యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం తమ సేకరణలను నెట్‌లో పెట్టాయి. పక్షుల పోస్టర్ కోసం కాఫర్ పేరుతో వెతకండి, ఫోన్‌లో కాకుండా పెద్ద తెర మీద చూడండి.