మొక్కజొన్నలో పీకినా మళ్లీ మొలుస్తున్నది తుంగ

సందేహం: రెండెకరాల్లో మొక్కజొన్న వేశాను, చేనుకు 18 రోజులు. విత్తిన మర్నాడే అట్రాజిన్ కలుపుమందు కొట్టించినా ఒక గడ్డి గుంపులు గుంపులుగా లేచింది. పీకితే వారంలో మళ్లీ వస్తోంది. ఇదేం గడ్డి? రోటావేటరు తిప్పిన చోటే ఎక్కువగా ఉంది. ఫొటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

సలహా: గట్టు పక్కన పూత మీదున్న మొక్క ఫొటో చూశాక అనుమానం లేదు, ఇది తుంగ. పూతకాడను వేళ్ల మధ్య దొర్లించండి, మూడు పలకలు తగులుతాయి. గడ్డి జాతుల కాడ గుండ్రంగా, కణుపులతో ఉంటుంది. తుంగకాడకు కణుపులుండవు. చేలోని లేత మొక్కలకు ఇంకా కాడ రాలేదు కాబట్టి వాటిని పైనుంచి చూడండి, ఆకులు మూడు దిక్కులకు విచ్చుకుని ఉంటాయి.

అసలు రుజువు నేలలో ఉంది. పీకకుండా పారతో జానెడు లోతున మట్టిపెళ్లతో సహా లేపండి. నల్లటి గడ్డలు పూసలదండలా వేరుతీగకు వరుసగా కనిపిస్తాయి. పసుపు పూత పూసే మరో తుంగ ఉంది, దాని గడ్డలు తీగ చివర ఒక్కొక్కటే ఉంటాయి. మీ ఫొటోలో పూత ఎర్రగోధుమ రంగులో ఉంది.

అట్రాజిన్ ప్రధానంగా విత్తనం నుంచి మొలిచే కలుపును ఆపుతుంది. తుంగ గడ్డలో దాచుకున్న బలంతో లేస్తుంది, అందుకే మీకు మందు పనిచేయలేదనిపించింది. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. రోటావేటరు ఇంకా ప్రమాదం, దాని బ్లేడ్లు మట్టితోపాటు వేరుతీగనూ ముక్కలు చేస్తాయి. తీగ తెగనంతకాలం చాలా గడ్డలు నిద్రలోనే ఉంటాయి, తెగితే విడివిడిగా మొలకెత్తుతాయి. తుంగ ఉన్న తడి నేలలో దయచేసి దాన్ని తిప్పకండి.

ఇప్పుడు హేలోసల్ఫ్యురాన్ మిథైల్ 75 శాతం మందు ఎకరాకు 36 గ్రాములు, 200 లీటర్ల నీటిలో కలిపి పిచికారీ చేయండి. నేలలో పదును (తేమ) ఉండాలి, తుంగ 3–4 ఆకుల మీద ఉండాలి. ఆలస్యం చేయకండి. కంది, పెసర వంటి అంతరపంట ఉంటే మాత్రం ఈ మందు వద్దు. తుంగ వెంటనే చావదు, పసుపుబారి ఎండడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా పీకితే మందు గడ్డకు దిగదు.

ఒక్క పిచికారీతో గడ్డలన్నీ చావవు. ఏప్రిల్, మే ఎండల్లో లోతుదుక్కి చేసి, పైకి వచ్చిన గడ్డలను ఏరించి కాల్చండి. తొలకరికి జనుము ఒత్తుగా చల్లండి, తుంగ నీడకు తట్టుకోలేదు. ట్రాక్టరు మీ చేను దాటేముందు నాగలికి అంటిన మట్టిని దులిపించండి. గడ్డలు పక్క చేలకు చేరేది ఎక్కువగా ఆ మట్టితోనే.