పాడుబడ్డ కోటలు లేని దేశంలో కాల్పనికులు: ఓ తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

నీ వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. మొదటిసారి నిద్రమత్తులో, రెండోసారి కోపంతో. కోపం నీ మీద కాదులే, ఆ జాబితా మీద. 'తొలినాళ్ళ అమెరికన్ రొమాంటిసిజం లక్షణాలు' అని పేరు పెట్టి ప్రకృతి ప్రేమ, ఊహ, భావావేశం, వ్యక్తి స్వేచ్ఛ, అతీంద్రియం అని ఐదు ముక్కలు వరసగా పేర్చి, ఒక్కోదాని కింద ఒక్కో రచయితను కూర్చోబెట్టావు. తప్పులేం లేవు. కానీ ఇదే జాబితాను ఇంగ్లండ్ కవులకు తగిలించినా సరిపోతుంది, మన భావకవులకు తగిలించినా దాదాపు సరిపోతుంది. మరి ఇది అమెరికాది అని చదివేవాడికి ఎలా తెలియాలి? (ఇంకోటి, రొమాంటిక్ అనగానే ప్రేమకథ అనుకునేవాళ్ళు మనలో బోలెడుమంది. మొదటి పేరాలోనే కాల్పనికవాదం అని ఒకసారి అనేస్తే ఆ గొడవ తీరిపోతుంది.)

నన్నడిగితే ఒక లోటుతో మొదలుపెట్టు. యూరప్ రచయితకు పాడుబడ్డ కోటలున్నాయి, రాజవంశాలున్నాయి, వెయ్యేళ్ళ దయ్యాలున్నాయి. 1820 నాటికి అమెరికా అనే దేశానికి యాభై ఏళ్ళు కూడా నిండలేదు. నవలాకారుడు నథానియెల్ హాథార్న్ 1860లో 'ది మార్బుల్ ఫాన్' నవల ముందుమాటలో కూడా ఇదే మొరపెట్టుకున్నాడు, నీడా పాతదనమూ రహస్యమూ లేని దేశం మీద రొమాన్స్, అంటే కాల్పనిక కథ, రాయడం ఎంత కష్టమో అని. ఆ లోటును ఎవరెలా పూడ్చుకున్నారో చెప్పుకుంటూ పో, నీ ఐదు లక్షణాలూ దారిలో వాటంతటవే తగులుతాయి.

వాషింగ్టన్ ఇర్వింగ్‌నే తీసుకో. 'రిప్ వాన్ వింకిల్'కి నువ్వు ఒక్క వాక్యం ఇచ్చావు, అదీ 'అతీంద్రియం' కింద. ఇర్వింగ్ కుటుంబ వ్యాపారం 1818లో దివాలా తీసింది. ఆ సమయంలో అతను ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్‌లోని అక్కగారింట్లో ఉండి ఈ కథ రాశాడు, అప్పటికి కథలోని క్యాట్‌స్కిల్ కొండల్లో కాలు కూడా పెట్టలేదు. కథకు మూలం ఒక జర్మన్ జానపద గాథ. అంటే పాతదనాన్ని అప్పు తెచ్చి హడ్సన్ నది పక్కన పాతుకున్నాడన్నమాట. అయితే అసలు పనితనం అక్కడ లేదు, నిద్రలేచాక ఉంది. కొండల్లో నిద్రపోయిన రిప్ ఇరవై ఏళ్ళ తర్వాత లేచి ఊళ్ళోకి వస్తాడు, ఈలోగా ఇంగ్లండ్ రాజు పాలన పోయి అమెరికా స్వతంత్ర దేశమైపోయింది. సత్రం బోర్డు మీద ఇంగ్లండ్ రాజు జార్జ్ బొమ్మ ఉంటుంది గానీ ఎర్రకోటు నీలం అయిపోయింది, చేతిలో రాజదండం పోయి కత్తి వచ్చింది, కింద జనరల్ వాషింగ్టన్ అని రాసుంది. మొహం అదే! పాపం ఆ అమాయకుడు నేను రాజుగారి మనిషినయ్యా అంటే గూఢచారి గూఢచారి అని జనం మీదపడతారు. ఒక దేశం పుట్టుకను ఒక సోమరి నిద్రలో దాచేశాడు చూడు. 1819లో అచ్చయిన కథ ఇది, ఇప్పటికీ ఆ బోర్డు దగ్గరికొచ్చేసరికి నాకు అసూయ పుడుతుంది.

నవలాకారుడు జేమ్స్ ఫెనిమోర్ కూపర్ దగ్గర మాత్రం జాగ్రత్త. కోటలు లేకపోతేనేం అడవి ఉందిగా అన్నాడు, నిజమే, నాటీ బంపో లాంటి అడవి మనిషిని సృష్టించాడు, ఊరినీ చట్టాన్నీ నమ్మకుండా తన మనసునే నమ్ముకునే ఆ మనిషి తర్వాత ఎందరో అమెరికన్ హీరోలకు తాత. నువ్వు ఇక్కడ 'నిర్మానుష్యమైన అరణ్యాల సౌందర్యం' అని రాశావు. అది కొట్టెయ్. అక్కడ మనుషులున్నారు, వాళ్ళకు చరిత్ర ఉంది, కథలున్నాయి. ఆయన నవల 'ది లాస్ట్ ఆఫ్ ది మోహికన్స్', అంటే మోహికన్ అనే ఆదివాసీ తెగలో ఆఖరివాడు, 1826లో వచ్చింది. నాలుగేళ్ళకి, 1830లో, ఆదివాసులను మిసిసిపీ నదికి పడమరగా తరలించే చట్టం వచ్చింది. మోహికన్లేమో అంతరించనే లేదు, వాళ్ళ వారసులు ఈరోజుకీ విస్కాన్సిన్‌లో ఉన్నారు. బతికున్నవాళ్ళ గురించి 'ఆఖరివాడు' అని కన్నీళ్ళు పెట్టుకోవడం కూడా ఈ కాల్పనికతలో భాగమే, అందంగా ఉంది కదా అని దాన్ని వదిలెయ్యకు. ఇందాక నేను చెప్పిన లోటు కూడా సగం ఇలా ఊహించుకున్నదే.

హాథార్న్‌కి నీడ లేదని ఫిర్యాదు గానీ ఆయన ఇంట్లోనే ఉంది కావలసినంత. 1692లో అమెరికాలోని సేలం ఊళ్ళో మంత్రగత్తెలంటూ జనాన్ని విచారించిన జడ్జీల్లో ఒకడైన జాన్ హాథోర్న్ ఈయన ముత్తాతకు తండ్రి. 1849లో కస్టమ్స్ ఆఫీసులో ఉద్యోగం ఊడింది, మరుసటేడు పాపం, శిక్షల చుట్టూ తిరిగే నవల 'ది స్కార్లెట్ లెటర్' వచ్చింది. నీ జాబితాలో పాపభీతికి చోటే లేదు, చూసుకున్నావా?

ఎడ్గార్ అలన్ పో గురించి నువ్వు రాసింది బాగానే ఉంది, ముట్టుకోకు. 'ది రేవెన్' అనే కవితని లెక్క చేసినట్టు మెట్టుమెట్టుగా కట్టానని 1846లో ఆయనే ఒక వ్యాసం రాసుకున్నాడు, నేనైతే పూర్తిగా నమ్మను.

హెన్రీ డేవిడ్ థోరో మీద నీ పేరా మాత్రం గాల్లో తేలుతోంది. ప్రకృతి ఒడి, ఆత్మ, ప్రశాంతత. ఆయన 1845 జులై 4న వాల్డెన్ చెరువు పక్కకి మారాడు, గుడిసెకి ఎంతయిందో 'వాల్డెన్' పుస్తకంలో పద్దు వేసి మరీ చూపించాడు: మొత్తం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు, మేకులకి 3.90, రెండు పీపాల సున్నానికి 2.40, దాని పక్కనే రేటెక్కువని ఓ గొణుగుడు. ఆత్మ గురించి అన్ని పేజీలు రాసినవాడు సున్నం ధర దగ్గర గొణుక్కున్నాడంటే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. 'వాల్డెన్' కంటే ముందు వచ్చిన ఆయన మొదటి పుస్తకం వెయ్యి కాపీలు వేస్తే 706 వెనక్కొచ్చాయి. నా దగ్గర తొమ్మిదొందల దాకా పుస్తకాలున్నాయి, అందులో ఏడొందల పైచిలుకు నేను రాసినవే అని డైరీలో తనమీద తనే జోకేసుకున్నాడు. నా మొదటి కథల సంపుటి కట్టలు మంచం కింద ఉన్న రోజుల్లో ఈ మాట చదివి పగలబడి నవ్వాను, మా ఆవిడ కంగారుపడింది కూడా.

రెండో డ్రాఫ్టు తొందరేం లేదు, నెలరోజులు తీసుకో. ఈలోగా 'రిప్'ని ఇంకోసారి చదువు, సత్రం బోర్డు దగ్గర ఆగి.

మీ అన్నయ్య